ఉద్యోగం చూపించి తీసుకునే కమీషను: ధర్మం ఏమంటుంది?



కొంతకాలం క్రితం అసర్ నమాజు ముగిసిన తర్వాత ఒక యువకుడు మసీదులో మమ్మల్ని కలుసుకున్నాడు. అందరూ వెళ్ళిపోయేదాకా ఒక మూల కూర్చొని, ఆ తర్వాత దగ్గరకు వచ్చి నెమ్మదిగా ఇలా అడిగాడు: "జనాబ్, మా అమ్మీ నా డబ్బుతో తెచ్చిన బియ్యం వండటం మానేసింది. అబ్బా కుట్టుపనిలో సంపాదించిన దానితోనే ఇల్లు నడుపుతోంది. నేను ఇచ్చే నోట్లను ఒక డబ్బాలో వేసి పక్కన పెడుతోంది. నేను దొంగతనం చేయలేదు, వడ్డీకి ఇవ్వలేదు. నా సంపాదన హలాలా, హరామా? మీరే చెప్పండి."

విషయం ఏమిటని అడిగాము. డిగ్రీ పూర్తి చేసిన ఆ అబ్బాయి రెండేళ్ళ పాటు ఉద్యోగం కోసం తిరిగాడు. ఆ తిరుగుడులోనే ఎక్కడ ఏ ఖాళీలు ఉన్నాయో తెలుసుకోవడం బాగా అలవాటయింది. తెలిసిన వివరాలన్నీ ఒకచోట చేర్చి ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటు ప్రారంభించాడు. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో గ్రూపులు పెట్టాడు. వేలమంది నిరుద్యోగులు అతని పేజీ చూడసాగారు. కొన్నాళ్ళకు అందులో శిక్షణా సంస్థల లింకులు, బయోడేటా తయారుచేసే సేవల లింకులు, రకరకాల యాప్‌ల లింకులు పెట్టాడు. వాటి ద్వారా ఎవరైనా చేరితే అతనికి కమీషను వస్తుంది.

అతని వీధిలోనే ఉండే ఒక వితంతువు కుమారుడు ఆ పేజీలో ఒక ప్రకటన చూశాడు. "శిక్షణ పూర్తికాగానే ఉద్యోగం గ్యారంటీ" అని అందులో ఉంది. తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి 9,500 రూపాయలు కట్టాడు. రెండు నెలలు గడవకముందే ఆ సంస్థ తలుపులకు తాళం పడింది. ఫోన్లు మూగబోయాయి. ఆ 9,500లో మన యువకుడికి ముట్టిన కమీషను 1,140 రూపాయలు.

ఆ తల్లి వీరి ఇంటికి వచ్చింది. తిట్టలేదు, డబ్బు ఇమ్మని అడగలేదు. "బాబూ, నువ్వు మన పిల్లాడివి కదా, నీ పేజీలో ఉంటే నిజమే అయ్యుంటుందని కట్టాడు" అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుండే యువకుడి తల్లి అతని డబ్బును ముట్టుకోవడం మానేసింది.

సోదరులారా! ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. నేడు మన పిల్లలు ఎంతోమంది ఈ రకమైన సంపాదనలో ఉన్నారు. కనుక దీని గురించి ధర్మం ఏమంటుందో నిదానంగా ఆలోచిద్దాం.

ఈ సంపాదన ఎలా వస్తుంది?

ముందుగా పెద్దలు ఈ పనిని అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోకుండా "ఇంటర్నెట్ డబ్బు అంతా హరామ్" అనడం సరికాదు. "అందరూ చేస్తున్నారు, తప్పేముంది" అనడమూ సరికాదు.

ఒక వ్యాపారి తన సరుకు గురించి చెప్పమని ఇతరులను కోరతాడు. ప్రతి ఒక్కరికీ ఒక ప్రత్యేకమైన లింకు ఇస్తాడు. ఆ లింకు నొక్కి వచ్చినవారు ఎవరి పంపున వచ్చారో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. వచ్చినవాడు కొంటే, లేదా పేరు నమోదు చేసుకుంటే, పంపినవాడికి ముందుగా ఒప్పుకున్న మొత్తమో, ధరలో ఇంత శాతమో లభిస్తుంది. దీనినే అఫిలియేట్ కమీషను అంటున్నారు. కొన్ని ఉద్యోగ ప్రకటనల సంస్థలు చేరినా చేరకపోయినా, నొక్కిన ప్రతి నొక్కుకూ కొంత చెల్లిస్తాయి. ఇవి గాక, పేజీలో తమంతట తామే వచ్చి చేరే వ్యాపార ప్రకటనల ద్వారా కూడా ఆదాయం వస్తుంది.

మన పెద్దలకు తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది దళారీ పని. పశువుల సంతలోనూ, ధాన్యం మార్కెట్లోనూ, ఇళ్ళ అద్దెల విషయంలోనూ మధ్యవర్తి ఉంటాడు కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే సంతలోని దళారి కొనేవాడి ముఖం చూస్తాడు. ఈ దళారి చూడడు. తన మాట నమ్మి ఎవరు ఏ వాకిట్లోకి వెళ్ళారో, అక్కడ వారికి ఏం జరిగిందో అతనికి తెలియదు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

మధ్యవర్తిత్వం నిషిద్ధం కాదు

ఇస్లాం శ్రమకు తగిన ప్రతిఫలాన్ని ఎన్నడూ నిషేధించలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయంగా తమ చిన్నతనంలో మక్కావాసుల మేకలను కూలికి కాశారు. యౌవనంలో హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకును సిరియా దేశానికి తీసుకువెళ్ళి వ్యాపారం చేశారు. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దుఆ చేసి, బజారు దారి చూపించమని మాత్రమే కోరారు. ఉపాధికి దారి చూపడం ఎంత గొప్ప మేలో ఈ సంఘటన ద్వారా మనకు బోధపడుతుంది.

మదీనా బజారులో కొందరు సహచరులు దళారీ పని చేసేవారు. వారిని ఆ పేరుతోనే పిలిచేవారు. ఒకనాడు దైవప్రవక్త (స) వారి వద్దకు వచ్చి అంతకన్నా మంచి పేరుతో, వర్తకులని, సంబోధించారు. క్రయవిక్రయాలలో వ్యర్థమైన మాటలు, ప్రమాణాలు దొర్లిపోతుంటాయి కనుక దానధర్మాలతో దానిని శుభ్రపరచుకోమని ఉపదేశించారు. హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించిన ఈ విషయం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. గమనించండి! ఆయన వారిని ఆ వృత్తి మానుకోమనలేదు. దాని పేరును గౌరవప్రదం చేశారు, దానిలోని మురికిని చూపించారు, కడుక్కునే మార్గమూ చెప్పారు.

ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ సహీహ్ గ్రంథంలో దళారీ రుసుము గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి తాబయీన్ పండితులు ఆ రుసుములో దోషం లేదని భావించినట్లు అందులో పేర్కొన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో రాజు గారి పాత్రను తెచ్చి ఇచ్చినవారికి ఒంటె మోసేటంత ధాన్యం బహుమానంగా ప్రకటించిన ప్రస్తావన వస్తుంది. పని పూర్తిచేస్తే ఇంత ఇస్తామని ముందుగా ప్రకటించే ఇలాంటి ప్రతిఫలాన్ని ధర్మవేత్తలు 'జుఆలా' అన్నారు. అఫిలియేట్ కమీషను దీనికి దగ్గరగా ఉంది.

కమీషను శాతం రూపంలో ఉండవచ్చా అన్న విషయంలో పూర్వ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే ఎంత శాతమో ముందే తెలిసి, ఇరువురూ సమ్మతించి, తగాదాకు తావు లేకుండా ఉంటే అనుమతించినవారు చాలామంది ఉన్నారు. కాబట్టి లింకు ద్వారా కమీషను రావడమే హరామ్ అని మేము అనడం లేదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఏ వాకిలి చూపించాము? ఎలా చూపించాము?

ఏ వాకిలి చూపిస్తున్నాం?

నిసా సూరా 85వ ఆయత్‌లో అల్లాహ్ ఒక సూత్రం తెలియజేశాడు. మంచి విషయంలో సిఫారసు చేసినవాడికి ఆ మంచిలో భాగం లభిస్తుంది, చెడు విషయంలో సిఫారసు చేసినవాడికి ఆ చెడులో భాగం పడుతుంది అన్నది దాని భావం. లింకు అంటే ఏమిటి? సిఫారసే కదా!

ఉద్యోగం వెతుక్కునేవాడు అవసరంలో ఉన్నవాడు. అతని చేతిలో డబ్బు లేదు, మనసులో ఆందోళన ఉంది. ఇలాంటివారి కళ్ళ ముందుకే అప్పులిచ్చే యాప్‌ల ప్రకటనలు, క్రెడిట్ కార్డుల ప్రకటనలు, పందేల యాప్‌ల ప్రకటనలు వస్తాయి. వాటికి కమీషను కూడా ఎక్కువే. ఉద్యోగాల పేజీ నడిపేవాడికి అతి పెద్ద పరీక్ష ఇదే.

వడ్డీ తినేవాడినీ, ఇచ్చేవాడినీ, దాని పత్రం రాసేవాడినీ, సాక్షులిద్దరినీ దైవప్రవక్త (స) శపించారని, పాపంలో వారంతా సమానులేనని చెప్పారని సహీహ్ ముస్లింలో ఉంది. పత్రం రాసినవాడు వడ్డీ తినలేదు. అయినా అతను తప్పించుకోలేకపోయాడు. ఇక అప్పుల యాప్‌కు నిరుద్యోగిని చేయిపట్టి తీసుకువెళ్ళి, అందుకు డబ్బు తీసుకున్నవాడి సంగతేమిటి?

జూదం సంగతీ అంతే. మాయిదా సూరాలో మద్యాన్నీ, జూదాన్నీ కలిపి షైతాన్ చేష్టలలోని మాలిన్యంగా పేర్కొనడం జరిగింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం ద్వారా నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా ఇలాంటి ఆటలకు, వాటి ప్రచారానికి వ్యతిరేకంగా చట్టం చేసింది. అదే సంవత్సరం బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన పలువురిపై తెలంగాణ పోలీసులు కేసులు నమోదు చేశారు. దేశ చట్టం ఇప్పుడు చెబుతున్న మాటను మన ధర్మం పద్నాలుగు వందల సంవత్సరాల క్రితమే చెప్పింది.

ఖాళీల విషయంలోనూ ఈ విచక్షణ అవసరం. మద్యం దుకాణంలో ఉద్యోగం, జూదశాలలో ఉద్యోగం, వడ్డీ వసూలు చేసే ఉద్యోగం వంటి వాటిని ప్రకటించి కమీషను తీసుకోవడం విశ్వాసికి తగదు. "నేను ఆ ఉద్యోగం చేయడం లేదు, చూపిస్తున్నానంతే" అనే సాకు పైన చెప్పిన పత్రం రాసేవాడికి పనికిరాలేదు, మనకూ పనికిరాదు. తమంతట తామే వచ్చే ప్రకటనలలో కూడా కొన్ని రకాలను రాకుండా ఆపుకొనే సౌకర్యం చాలా చోట్ల ఉంది. దానిని వాడుకోవడం మన బాధ్యత. ఆదాయం తగ్గుతుందని ఊరుకోవడం బాధ్యతను వదులుకోవడమే అవుతుంది.

ధాన్యపు రాశిలో తడి

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగారు. రాశిలోకి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వాన పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అలాగైతే ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు. మోసం చేసినవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు.

వాన కురిపించింది ఆ వ్యాపారి కాదు. అతని తప్పల్లా దాచడమే. ఇప్పుడు ఉద్యోగాల పేజీలను ఈ కొలబద్దతో చూద్దాం.

గడువు ముగిసిన ప్రకటనను తీసివేయకుండా ఉంచుతారు. ఎందుకంటే జనం ఇంకా దానిని నొక్కుతున్నారు. ఇది తడిని లోపల దాచడమే. పది ఖాళీలుంటే "వేలల్లో ఉద్యోగాలు" అని శీర్షిక పెడతారు. ఇదీ తడే. ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు అధికారిక వెబ్‌సైటులోనే చేయాలి. కానీ ఆ అసలు లింకును పేజీ అడుగున ఎక్కడో పెట్టి, పైన "ఇక్కడ దరఖాస్తు చేయండి" అన్న పెద్ద బొత్తాం పెట్టి, దానిని నొక్కినవాడిని కమీషను వచ్చే చోటికి పంపుతారు. ఇది తడి మాత్రమే కాదు, తూకంలో మోసం కూడా. ముతఫ్ఫిఫీన్ సూరా తూకంలో కోత పెట్టేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతోనే మొదలవుతుందని మరువరాదు.

మరో విషయం. "ఈ శిక్షణలో చేరండి, చాలా మంచిది" అని రాసేటప్పుడు దాని వల్ల తనకు డబ్బు వస్తుందన్న మాటను చాలామంది చెప్పరు. చదివేవాడు దానిని ఒక సోదరుడి సలహా అనుకుంటాడు. సలహా అడగబడినవాడు అమానతుదారుడని దైవప్రవక్త (స) బోధించారు. జీతం తీసుకుని చెప్పే మాటను ఉచిత సలహాగా నమ్మించడం అమానతులో ద్రోహం. మన దేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు కూడా, ప్రచారం చేసేవాడికీ వ్యాపారికీ మధ్య ఆర్థిక సంబంధం ఉంటే దానిని వెల్లడించాలని చెబుతున్నాయి. "ఈ లింకు ద్వారా మీరు చేరితే మాకు కొంత కమీషను వస్తుంది" అన్న ఒక్క వాక్యం లింకు పక్కనే, మన తెలుగులోనే, అందరికీ కనబడే అక్షరాలలో రాయడానికి కష్టమేముంది? అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలను వివరిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ద్వారా మనకు తెలుస్తోంది.

విన్నదల్లా చెప్పడం

ఆ యువకుడిని మేము ఒక ప్రశ్న అడిగాము: "గ్యారంటీ అని రాశావు కదా, ఆ సంస్థలో చదివి ఉద్యోగం పొందినవారిని ఒక్కరినైనా కలిశావా?" అతను తల దించుకున్నాడు. "వాళ్ళు పంపిన మాటలనే పెట్టాను జనాబ్" అన్నాడు.

మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి విన్నదల్లా ఇతరులకు చెప్పడమే చాలునన్న ప్రవక్త బోధన సహీహ్ ముస్లింలో ఉంది. నీకు తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయని ఇస్రా సూరా హెచ్చరిస్తోంది. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే, తెలియక ఏ వర్గానికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడకుండా, ముందే విచారించమని హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. ఉద్యోగ ప్రకటన కూడా ఒక వార్తే. దానిని నమ్మి జనం డబ్బు కడతారు, ఊళ్ళు వదిలి వెళతారు, కొన్నిసార్లు ప్రాణాలు కూడా పోగొట్టుకుంటారు.

ఇది అతిశయోక్తి కాదు. థాయిలాండ్‌లో ఐటీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను మయన్మార్‌కు తరలించి సైబర్ మోసాలు చేయిస్తున్నారని 2022 సెప్టెంబరులో భారత విదేశాంగ శాఖ హెచ్చరిక జారీచేసింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో ఉత్తరాంధ్ర యువకులు డేటా ఎంట్రీ ఉద్యోగాలనుకొని కంబోడియా వెళ్ళి, అక్కడ నిర్బంధంలో అదే పాపపు పనికి నెట్టబడ్డారు. అదే సంవత్సరం సహాయకుల ఉద్యోగాలన్న మాట నమ్మి రష్యా వెళ్ళిన కొందరు భారతీయులు యుద్ధరంగంలో తేలారు, కొందరు తిరిగి రాలేదు. ఇలాంటి ప్రకటనలు వందల గ్రూపులలో చేతులు మారుతూ ఉంటాయి. చేతులు మార్చిన ప్రతివాడూ "నేను ఫార్వర్డ్ చేశానంతే" అనుకుంటాడు.

గల్ఫ్ దేశాలతో మన కుటుంబాలకు ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. విదేశీ ఉద్యోగానికి మనుషులను సమకూర్చేవాడు 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితాను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకునే సేవా రుసుముకు కూడా నిబంధనలు పరిమితి విధించాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాల విషయంలో సేవలందిస్తున్నాయి. ఏజెంటు పేరు జాబితాలో ఉందో లేదో చూడటానికి పట్టే సమయం కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాలు వెచ్చించకుండా ప్రకటన పెట్టినవాడు రేపు అల్లాహ్ ముందు ఏమని జవాబు చెబుతాడు?

అలాగే ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా డిపాజిట్టు, యూనిఫాం ఖర్చు, ఇంటర్వ్యూ ఫీజు అడిగే ప్రకటనలను అనుమానించాలి. పనివాడిచేత పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. పని ఇవ్వకుండానే పనివాడి వద్ద డబ్బు గుంజేవాడు అంతకన్నా తక్కువ పాపి కాగలడా?

కనబడని దొంగతనాలు

ఈ వృత్తిలో బయటివారికి కనబడని తప్పులు మరికొన్ని ఉన్నాయి. తన పేజీలోని ప్రకటనలను తానే నొక్కుకోవడం, మిత్రులచేత నొక్కించడం. ఇది ప్రకటనదారుడి సొమ్ము దొంగిలించడమే. అవతల ఉన్నది పెద్ద కంపెనీ కదా అని దొంగతనం ధర్మసమ్మతం అయిపోదు. యజమాని ముస్లిమా కాదా అన్నదానితోనూ దీనికి సంబంధం లేదు.

ఇంకొకటి, దరఖాస్తుదారుల వివరాలు. ఉద్యోగం మీద ఆశతో ఒక ఆడపిల్ల తన ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఆధార్ నకలు, ఫోటో పంపుతుంది. ఆ వివరాలను కమీషనుకు అమ్ముకునేవారు ఉన్నారు. ఆ తర్వాత ఆ ఇంటికి తెలియనివారి ఫోన్లు మొదలవుతాయి. సోదరులారా! అది ఆమె మన వద్ద ఉంచిన అమానతు. అమానతులను వాటి హక్కుదారులకే అప్పగించమని నిసా సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అడిగిన పనికి తప్ప మరి దేనికీ ఆ వివరాలను వాడే హక్కు మనకు లేదు.

ఇంటివారికి ఒక మాట

ఇక తల్లిదండ్రుల గురించి. ఆ యువకుడు తన తల్లి మీద ఫిర్యాదు తెచ్చినట్లే వచ్చాడు. మేము అతనికి హజ్రత్ అబూ బక్ర్ (రజి) గారి సంఘటన వినిపించాము. ఆయన సేవకుడు ఒకనాడు ఏదో ఆహారం తెచ్చి ఇచ్చాడు. ఆయన తిన్నారు. తర్వాత ఆ సేవకుడు దాని సంగతి చెప్పాడు. అజ్ఞాన కాలంలో తనకు జోస్యం రాకపోయినా వచ్చినట్లు ఒకరిని మోసగించాడట. దాని ప్రతిఫలమే ఆ ఆహారం. అది విన్న వెంటనే హజ్రత్ అబూ బక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టి తిన్నదంతా కక్కివేశారు. ఈ ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది.

తనకు తెలియని దానిని తెలిసినట్లు చెప్పి సంపాదించిన సొమ్ము అది. "ఉద్యోగం గ్యారంటీ" అన్న మాట కూడా అలాంటిదే కదా! కనుక ఆ అబ్బాయితో అన్నాము: "బాబూ, మీ అమ్మీ నీకు శత్రువు కాదు. నీ సంపాదనను అడిగే తల్లి ఇంట్లో ఉండటం అల్లాహ్ నీకు చేసిన మేలు. రేపు అల్లాహ్ అడగబోయే ప్రశ్నను ఆమె ఇవాళే అడిగింది."

పిల్లవాడు నెలనెలా డబ్బు తెస్తుంటే అది ఎలా వస్తోందని అడగడానికి చాలామంది తల్లిదండ్రులు మొహమాటపడుతున్నారు. "మాకు కంప్యూటర్లు తెలియవు" అంటున్నారు. కంప్యూటరు తెలియనవసరం లేదు. మూడు ప్రశ్నలు చాలు. నాయనా, ఈ డబ్బు ఎవరు ఇస్తున్నారు? దేనికి ఇస్తున్నారు? దీని వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా? జవాబు స్పష్టంగా వస్తే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పి సంతోషంగా తినండి. అనవసరమైన అనుమానాలతో పిల్లల మనసు నొప్పించవద్దు. జవాబు తడబడితే కూర్చోబెట్టి మాట్లాడండి. హలాల్ స్పష్టమే, హరామ్ స్పష్టమే, వాటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయి, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడు అన్నది ప్రవక్త బోధన.

ఆ యువకుడికి మేము చెప్పినది

చివరికి అతను, "అయితే మూసేయమంటారా?" అని అడిగాడు. వద్దన్నాము. మేలుకు దారి చూపినవాడికి ఆ మేలు చేసినవాడితో సమానంగా పుణ్యం లభిస్తుందని హదీసు చెబుతోంది. ఒక నిరుద్యోగికి నిజమైన ఉద్యోగం చూపించడం కంటే మంచి పని ఏముంది? అతని పేజీ ద్వారా నిజంగా ఉద్యోగాలు పొందినవారూ ఉన్నారు. చెట్టు తెగులు వదిలించాలి గాని చెట్టునే నరకకూడదు.

ముందుగా గతం సంగతి. తౌబా అంటే చేసిన తప్పును విడనాడటం, దానికి విచారించడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. తోటి మనిషి హక్కు అందులో ఉంటే దానిని తిరిగి ఇవ్వడం కూడా తప్పనిసరి. కనుక ఆ 1,140 రూపాయలు ముందు ఆ వితంతువు ఇంటికి చేరాలి. మిగతా సొమ్ముకు ప్రధాన బాధ్యులు దానిని కాజేసినవారే. కానీ విచారించకుండా గ్యారంటీ అని రాసిన తప్పు ఇతనిది. అందుచేత ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళి పోలీసులకు, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయించడం, పోయిన సొమ్ము రాబట్టడంలో తోడుండటం, వీలైనంత తన చేతి నుండి సర్దడం ఇతని కర్తవ్యం. ఆ ప్రకటన చూసి మోసపోయిన ఇతరులు ఉంటే తమకు తెలియజేయమని పేజీలోనే బహిరంగంగా రాయాలి. హక్కుదారులు ఎవరో ఎంత వెతికినా తెలియని కమీషను ఉంటే దానిని పేదలకు ఇచ్చివేయాలి. అయితే అందులో పుణ్యం ఆశించకూడదు, తన భుజం మీది బరువు దించుకోవడమే ఉద్దేశం కావాలి.

ఇక ముందు సంగతి. తాను స్వయంగా విచారించని సంస్థ లింకు పెట్టకూడదు. ప్రభుత్వ ఉద్యోగమైతే అధికారిక నోటిఫికేషన్ లింకును అన్నిటికన్నా పైన పెట్టాలి. 2015లో ప్రారంభమైన నేషనల్ కెరీర్ సర్వీస్ వంటి ఉచిత ప్రభుత్వ సేవల గురించి, కమీషను రాకపోయినా సరే, చెప్పాలి. కమీషను ఉన్నచోట ఉందని రాయాలి. గడువు తీరిన ప్రకటనలను తీసివేయాలి. వడ్డీ, జూదం, మద్యం, అశ్లీలతలకు సంబంధించిన దేనినీ దరిచేరనివ్వకూడదు. వచ్చిన ఆదాయంలో కొంత క్రమం తప్పకుండా దానం చేయాలి. ఆదాయం నిసాబ్‌కు చేరి సంవత్సరం గడిస్తే జకాత్ చెల్లించాలి. తన ఒప్పందంలో ఎక్కడైనా సందేహం ఉంటే ఆ ఒప్పందపు షరతులను దగ్గరలోని నమ్మకమైన ఆలిమ్ ముందు పెట్టి అడగాలి.

"ఇలా చేస్తే నెలకు సగం కూడా రాదు జనాబ్" అన్నాడతను. రాకపోవచ్చు. ఆ మాటను మేము తేలికగా తీసుకోవడం లేదు. ఇంట్లో ముసలి తండ్రి కుట్టుమిషను మీద కూర్చొని ఉన్నప్పుడు సగం ఆదాయం వదులుకోవడం చిన్న త్యాగం కాదు. కానీ దైవప్రవక్త (స) ఒకసారి తమ సహచరులకు నిజమైన దివాళాకోరు ఎవరో వివరించారు. నమాజులు, ఉపవాసాలు, జకాత్‌లు వెంటబెట్టుకుని వస్తాడు. కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. ఆ బాధితులకు ఇతని పుణ్యాలు పంచిపెట్టబడతాయి. పుణ్యాలు అయిపోతే వారి పాపాలు తెచ్చి ఇతని నెత్తిన వేయబడతాయి. ఆ రోజున 1,140 రూపాయలకు ఎన్ని నమాజులు చెల్లించాలో ఎవరు చెప్పగలరు?

ఆ యువకుడు మగ్రిబ్ నమాజు మాతోపాటే చేశాడు. తర్వాత ఇంటికి వెళ్ళలేదు, ముందుగా ఆ వితంతువు ఇంటికి వెళ్ళాడు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ కనిపించాడు. ఫిర్యాదు నమోదయిందట, డబ్బు ఇంకా రాలేదట. ఆదాయం బాగా తగ్గిందట. ఆ కబురు చెప్పేటప్పుడు అతని ముఖంలో కొంత దిగులు ఉన్నమాట నిజమే. ఆ తర్వాత, "అమ్మీ ఆ డబ్బా ఖాళీ చేసింది జనాబ్. ఎవరి సొమ్మో వారికి పంపేశాము. నిన్న నా డబ్బుతో తెచ్చిన బియ్యమే వండింది" అన్నాడు.

సోదర సోదరీమణులారా! మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోను ఒక త్రాసు లాంటిది. దానితో సరిగ్గా తూచేవాడూ ఉన్నాడు, కోత పెట్టేవాడూ ఉన్నాడు. త్రాసును తప్పుపట్టకుండా తూచే చేతికి దైవభీతిని నేర్పుదాం. నిరుద్యోగి ఆశను పెట్టుబడిగా చేసుకోకుండా, అతనికి నిజమైన తోడుగా నిలబడదాం.

అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ధర్మసమ్మతమైన, శుభప్రదమైన ఉపాధిని ప్రసాదించుగాక! తెలిసీ తెలియక మనం తీసుకున్న పరుల సొమ్మును బ్రతికుండగానే తిరిగి ఇచ్చే భాగ్యం కలిగించుగాక! ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులందరికీ మంచి మార్గాలు తెరచుగాక! వారి కష్టాన్ని దోచుకునేవారి నుండి వారిని కాపాడుగాక! ఆమీన్.